సూపర్‌హీరో సినిమాలోంచి బైబిలు వాక్య పాఠం తీయడం ఎలా? సండే స్కూల్ టీచర్లకు, యవనస్థుల కూడిక నడిపేవాళ్ళకు, తల్లిదండ్రులకు

ఈ పని మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు వెతికేది ఒక్కటే, హీరో చేతులు రెండు వైపులా చాపిన షాట్. అది దొరికితే పాఠం దొరికినట్టే అనుకుంటారు. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ (2013) తీసుకోండి. సూపర్‌మ్యాన్ సిలువ ఆకారంలో అంతరిక్షంలోకి జారతాడు. భూమి మీదికొచ్చి 33 ఏళ్ళయిందంటాడు. చర్చిలో ఫాదర్‌తో మాట్లాడుతుంటే అతని వెనక రంగు అద్దాల కిటికీలో గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్న యేసు కనిపిస్తాడు. ఇవేవీ అనుకోకుండా పడినవి కావు. ఆ సినిమా విడుదలైనప్పుడు స్టూడియోవాళ్ళే అమెరికాలో పాస్టర్లకు విడిగా షోలు వేసి, ప్రసంగానికి నోట్సు కూడా చేతికిచ్చారు. వాళ్ళు పెట్టినదాన్ని మీరు తీసి చూపిస్తే అందులో మీరు కనిపెట్టిందేముంది? పైగా అదే సినిమా చివర్లో అదే హీరో విలన్ జాడ్ మెడ విరిచేస్తాడు. “సూపర్‌మ్యాన్ అంటే యేసయ్యలాంటివాడు” అని అప్పటికే చెప్పేసి ఉంటే, “మరి యేసయ్య అలా చేస్తాడా టీచర్?” అని ఆరో తరగతి పిల్లాడు అడిగినప్పుడు నీళ్ళు నమలాల్సిందే.

ఇంకో సంగతి. 1938లో మొదటిసారి కామిక్‌లో వచ్చిన సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ యూదు కుర్రాళ్ళు. చావు తప్పించడానికి పసివాణ్ణి చిన్న వాహనంలో పెట్టి పంపేయడం చూస్తే యేసు కన్నా ముందు జమ్ము పెట్టెలోని మోషే గుర్తుకు రావాలి.

అందుకని గుర్తుల వేట మానేసి, హీరో ఖరీదు కట్టాల్సి వచ్చిన చోటు వెతకండి. అక్కడ అతను తీసుకున్న నిర్ణయమే మీ పాఠం. ఆ నిర్ణయం సువార్తకు ఎక్కడ దగ్గరగా వస్తుందో, ఎక్కడ దూరమవుతుందో రెండూ చెప్పాలి. నిజానికి దూరమయ్యే చోటే పిల్లలకు ఎక్కువ గుర్తుంటుంది.

మొదటి అంచె: అనుమతి, రేటింగ్, ఎంపిక

మన సంఘాల్లో సినిమా చూడడమే తప్పు అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. పాస్టర్ గారితో, పిల్లల తల్లిదండ్రులతో కనీసం రెండు వారాల ముందు మాట్లాడి సినిమా పేరు, చూపించబోయే సన్నివేశం, తీసుకునే వాక్యభాగం ఒక కాగితం మీద రాసివ్వండి. ఎవరైనా అభ్యంతరం చెబితే “ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటలు ఎత్తి చెప్పాడు కదా” అని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం ఒకసారి చూపించవచ్చు. అయినా ఒప్పుకోకపోతే ఆ కుటుంబం వరకు ఆపేయండి. ఎదుటివాళ్ళ మనస్సాక్షి నొచ్చుకోకుండా మన స్వేచ్ఛను తగ్గించుకోమనే 1 కొరింథీయులకు 8వ అధ్యాయం ఉన్నది ఇలాంటి సందర్భానికే.

తర్వాత సర్టిఫికెట్ చూడండి. ఇప్పుడు మన దేశంలో యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు మెట్లున్నాయి. సూపర్‌హీరో అన్న మాట చూసి అన్నీ పిల్లల సినిమాలే అనుకోవద్దు. ‘డెడ్‌పూల్’ (2016) పెద్దలకు మాత్రమే. సర్టిఫికెట్‌తో పని అయిపోదు, పిల్లలకు చూపించబోయేది మీరు ముందు మొత్తం చూసి ఉండాలి.

ఇక చూపించే పద్ధతి. ఇంటి ఓటీటీ చందా ఇంటివాళ్ళు చూసుకోవడానికి ఇచ్చేది. దాన్ని ప్రొజెక్టర్‌కి తగిలించి చర్చిలో అందరికీ సినిమా వేయడానికి ఆ షరతులు ఒప్పుకోవు. అమెరికాలో ఉండే తెలుగు సంఘాలైతే చర్చిల కోసం ఉన్న సీవీఎల్ఐ లైసెన్సు తీసుకుని, తమ సినిమా అందులో ఉందో లేదో చూసుకోవచ్చు. మన దగ్గర సులువైన దారి ఏమిటంటే, ఎవరింట్లో వాళ్ళు అమ్మానాన్నలతో చూసి రావాలి. కూడికలో టీచరు ఒక్క సన్నివేశాన్ని నోటితో చెప్పాలి. కథ చెప్పడం వచ్చినవాళ్ళు చెబితే క్లిప్పు కన్నా ఇదే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పిల్లల కళ్ళు ఫైటింగు మీదికి పోవు.

రెండో అంచె: రెండుసార్లు చూడాలి

మొదటిసారి పెన్ను పట్టుకోకండి, మామూలుగా సినిమా చూసినట్టే చూడండి. ఎక్కడ గొంతు పట్టుకుందో, ఎక్కడ విసుగొచ్చిందో అయిపోయాక రెండు మాటల్లో రాసుకోండి.

రెండోసారి నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకుని చూడండి. హీరోకి ఇప్పుడు ఏం కావాలి? అది దక్కాలంటే, లేదా వదులుకుంటే, ఏం పోతుంది? పోయేది ఎవరిది, తనదా ఇంకొకరిదా? ఎవరైనా చూస్తున్నారా, ఎవరూ చూడనప్పుడు చేశాడా? సన్నివేశం మొదలైన నిమిషం కూడా పక్కన వేసుకోండి. రెండున్నర గంటల సినిమాలో ఈ నాలుగు గడులూ నిండే చోట్లు మూడో నాలుగో దొరుకుతాయి. వాటిలో ఒక్కటే తీసుకోవాలి. మూడూ చెప్పేద్దామనుకుంటే పిల్లలకు ఒక్కటీ మిగలదు.

డబ్బింగ్ విషయంలో జాగ్రత్త. తెలుగు డబ్బింగ్‌లో మన సినిమాల పంచ్ డైలాగులు, జోకులు కలిపేస్తుంటారు. ఒక్క తెలుగు డైలాగు మీద పాఠం కట్టేస్తే, ఆ మాట అసలు సినిమాలోనే లేదని తర్వాత తెలియొచ్చు. ఆ రెండు నిమిషాలూ ఒకసారి ఇంగ్లిషు ఆడియోలో సబ్‌టైటిల్స్ పెట్టుకుని సరిచూడండి. వీలైనంతవరకు మాటల మీద కన్నా హీరో చేసిన పని మీద పాఠం కట్టండి.

మూడో అంచె: ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం

‘స్పైడర్‌మ్యాన్’ (2002)లో కుస్తీ పోటీ తర్వాతి ఘట్టం. మూడు నిమిషాలు నిలబడితే 3,000 డాలర్లన్నది ప్రకటన. పీటర్ (అతనే స్పైడర్‌మ్యాన్) రెండు నిమిషాల్లోనే ప్రత్యర్థిని పడగొట్టేశాడని ప్రమోటర్ 100 డాలర్లు చేతిలో పెడతాడు. నాకు డబ్బు అవసరం అంటే, నీ అవసరంతో నాకేం సంబంధం అన్నట్టు మాట్లాడతాడు. అంతలో దొంగ ఆ ప్రమోటర్‌నే దోచుకుని వరండాలోకి పరిగెత్తుకొస్తాడు. పీటర్ పక్కకు తప్పుకుని లిఫ్ట్ దాకా దారి ఇస్తాడు. ఎందుకు వదిలేశావని ప్రమోటర్ అరిస్తే, అతని మాటనే అతనికి అప్పజెబుతాడు. బయట కారులో ఎదురుచూస్తున్న బెన్ బాబాయి కాసేపట్లో ఆ దొంగ చేతిలోనే చనిపోతాడు.

చాలామంది ఇక్కడ “గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత వస్తుంది” అన్న మాట పట్టుకుని లూకా 12:48 చదివేసి ముగిస్తారు. ఆ మాట బైబిల్లోదే అనుకునేవాళ్ళూ ఉన్నారు. కాదు, 1962 నాటి మొదటి కామిక్ కథ చివర్లో కథకుడి వ్యాఖ్యగా వచ్చింది. లూకాలో ఉన్నది “ఎవనికి ఎక్కువగా ఇయ్యబడెనో వానియొద్ద ఎక్కువగా తీయజూతురు” అని. దగ్గరగానే ఉంది. కానీ లూకాలో పై నుంచి చదువుకుంటూ వస్తే, అది యజమాని తిరిగొచ్చేలోపు ఇల్లు చూసుకోవలసిన గృహనిర్వాహకుడి ఉపమానం. అక్కడ లెక్క అడగడానికి ఒక యజమాని ఉన్నాడు. పీటర్‌ను లెక్క అడిగేది అతని మనస్సాక్షి ఒక్కటే.

ఈ సన్నివేశానికి ఇంకా బాగా అతికే వచనం యాకోబు 4:17: “మేలైనదిచేయ నెరిగియు ఆలాగు చేయనివానికి పాపము కలుగును.” ఎందుకంటే పీటర్ అక్కడ చెడ్డ పనేమీ చేయలేదు, పక్కకు తప్పుకున్నాడంతే. పైగా ప్రమోటర్ మోసగాడే. పిల్లలను అడగాల్సిన ప్రశ్న ఇదే: “ప్రమోటర్ పీటర్‌ను మోసం చేశాడు కదా, మరి పీటర్ చేసింది తప్పా?” కనీసం సగంమంది “కాదు” అంటారు. అననివ్వండి, వెంటనే సరిదిద్దకండి. “దొంగ పారిపోతే నష్టపోయింది ప్రమోటర్ ఒక్కడేనా?” అని అడిగి కాసేపు ఊరుకోండి.

తర్వాత తేడా చెప్పాలి. అక్కణ్ణుంచి పీటర్ చేసే ప్రతి సాహసమూ ఆ లిఫ్ట్ దగ్గరి అప్పు తీర్చుకోవడంలా సాగుతుంది, ఎంత తీర్చినా తీరదు. కొలొస్సయులకు 2:14 చదివితే మన మీద రుణంగా ఉన్న పత్రాన్ని క్రీస్తు సిలువకు కొట్టేశాడని ఉంటుంది. అప్పు తీర్చడానికి మంచి చేసేవాడికీ, అప్పు తీరిపోయిందని తెలిసి మంచి చేసేవాడికీ ఉన్న తేడా పదేళ్ళ పిల్లలకు కూడా అర్థమవుతుంది. చర్చి చుట్టూ పెరిగిన పిల్లల్లో చాలామంది పీటర్ లాగే బతుకుతుంటారు కాబట్టి దీనికి తొందరపడకుండా సమయం ఇవ్వండి.

నాలుగో అంచె: త్యాగం అన్న మాటను పరీక్షించడం

సూపర్‌హీరో సినిమాల్లో త్యాగం లేనిది లేదు. అందుకే ఆ మాట వినగానే, స్నేహితుల కోసం ప్రాణం పెట్టడాన్ని మించిన ప్రేమ లేదనే యోహాను 15:13 అతికించేయడం అలవాటైపోయింది. ముందు గడుల్లో మూడోదాన్ని చూడండి: పోయేది ఎవరిది?

దీనికి అవెంజర్స్ సినిమాల్లో వోర్మీర్ అనే గ్రహం మీదున్న కొండను మించిన ఉదాహరణ లేదు. అక్కడున్న ఆత్మ మణి కావాలంటే ప్రేమించినవాళ్ళను పోగొట్టుకోవాలి. ‘ఇన్ఫినిటీ వార్’ (2018)లో విలన్ థానోస్ తన పెంపుడు కూతురు గమోరాను ఈడ్చుకెళ్ళి అంచు మీంచి తోసేస్తాడు. కళ్ళనీళ్ళు పెట్టుకునే తోస్తాడు. ‘ఎండ్‌గేమ్’ (2019)లో అదే కొండ మీదికి అవెంజర్స్ జట్టులోని స్నేహితులు నటాషా, క్లింట్ వస్తారు. నేనంటే నేనని దూకడానికి ఒకరినొకరు పడదోసుకుంటారు. చివరికి క్లింట్ ఒక చేత్తో నటాషాను పట్టుకుని వేలాడుతుంటే, వదిలెయ్ అని చెప్పి ఆమె కొండను కాలితో తన్నుకుని చేయి విడిపించుకుంటుంది.

కొండా అదే, మణీ అదే. ఒకడు తన కోరిక కోసం ఇంకొకరి ప్రాణం చెల్లించాడు, ఇంకొకరు తన ప్రాణం ఇచ్చారు. ఏడ్చినంత మాత్రాన ప్రేమ కాదని థానోస్ దగ్గర పిల్లలకు బాగా తెలుస్తుంది. ఇంట్లో “నీ మంచికే” అంటూ కొట్టే చేతుల గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడొచ్చు. అలా మాట్లాడితే పాఠం పక్కన పెట్టి ముందు ఆ పిల్ల చెప్పేది వినండి.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. రాకపోతే మీరే లేవనెత్తాలి. “దేవుడు కూడా తన కుమారుణ్ణి ఇచ్చాడు కదా, అది థానోస్ చేసినట్టే కదా?” తడబడకండి. యోహాను 10:17, 18 తెరవండి. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తనంతట తానే పెడుతున్నానని యేసే అంటాడు. గమోరాను అడిగినవాళ్ళు లేరు. అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయిన ఆదికాండము 22 కూడా కావాలంటే చదవండి, అక్కడ ఎత్తిన కత్తిని ఆపింది దేవుడే, పొట్టేలును చూపించిందీ ఆయనే.

నటాషా కూడా సువార్తకు పూర్తిగా సరిపోదని చెప్పండి. ఆమె స్నేహితుడి కోసం, తనవాళ్ళ కోసం చనిపోయింది. రోమీయులకు 5:8 “మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను” అంటుంది. ఆమె థానోస్ కోసం దూకి ఉంటే ఎలా ఉండేదో ఊహించమని పెద్ద పిల్లలకు చెప్పి చూడండి.

‘ది డార్క్ నైట్’ (2008) చివర కూడా ఇలాగే మోసం చేస్తుంది. హార్వీ డెంట్ చేసిన హత్యలను బ్యాట్‌మ్యాన్ తన మీద వేసుకుంటాడు. పరుల నేరం మోశాడు కాబట్టి యెషయా 53 అని ఎగబడతారు. కానీ ఆ త్యాగం డెంట్ మచ్చలేనివాడన్న అబద్ధాన్ని కాపాడడానికి. 2012లో వచ్చిన తర్వాతి భాగంలో ఆ అబద్ధం బయటపడి ఊరంతా అల్లకల్లోలమవుతుంది. దాన్ని పోలికగా వాడకుండా, సత్యం లేని త్యాగం ఏమవుతుందో చెప్పడానికి వాడండి.

ఐదో అంచె: వచనాన్ని ఎంచుకోవడం

ఫోనులో ఒక మాట కొట్టి వచ్చిన మొదటి వచనం రాసుకోవద్దు. అనుకున్న వచనానికి పైన పది వచనాలు, కింద పది చదవండి. అక్కడ మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో? పాఠానికి ఒక్క వాక్యభాగం చాలు. ఒంటరి వచనం కన్నా కథ ఉన్న భాగం మంచిది, ఎందుకంటే సినిమా కథ పక్కన బైబిలు కథ నిలబడగలదు, ముక్క వచనం నిలబడలేదు.

పనికొచ్చే జతలు కొన్ని చెబుతాం. ‘ఐరన్ మ్యాన్’ (2008)లో తన ఆయుధాలు ఎవరి చేతికి చేరాయో చూశాక టోనీ స్టార్క్ ఆ వ్యాపారం ఆపేస్తానని ప్రకటిస్తాడు. దీనికి లూకా 19లో జక్కయ్య. కానీ జక్కయ్య ఆపేయడంతో సరిపెట్టలేదు, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని లెక్క కట్టి చెప్పాడు. ‘కెప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్’ (2011)లో శిక్షణ శిబిరంలో ఉత్తుత్తి గ్రెనేడ్ పడితే అందరూ పరిగెత్తారు, బక్కపలచటి స్టీవ్ మాత్రం దాని మీద పడుకున్నాడు. అతనికి బలాన్నిచ్చే మందు ఎక్కించక ముందే. దీనికి 1 సమూయేలు 16, పైరూపం కాక హృదయం చూసి దేవుడు దావీదును ఎన్నుకున్న ఘట్టం. ‘థోర్’ (2011)లో అర్హుడే సుత్తిని ఎత్తగలడు. దీన్ని పూర్తిగా తేడా కోసమే వాడండి, కృప ఇచ్చేది అర్హత లేనివాళ్ళకే కాబట్టి.

‘స్పైడర్‌మ్యాన్ 3’ (2007)లో చర్చి ఘట్టం ఉంది, దాన్ని ఎవరూ వాడరు, ఎందుకో తెలియదు. దొంగ ఫొటో తయారుచేసి దొరికిపోయిన ఎడ్డీ బ్రాక్ చర్చికొచ్చి, తగ్గించుకున్నవాడిలా తల వంచి, పీటర్ పార్కర్‌ను చంపేయమని దేవుణ్ణి అడుగుతాడు. అదే సమయంలో పైన గంట గోపురంలో పీటర్ తన ఒంటికి అంటుకున్న నల్లటి జీవిని పీకేసుకుంటున్నాడు. ఒకడు వదిలించుకున్నది ఇంకొకడి మీద పడుతుంది. దీనికి లూకా 9:51-56 పెట్టండి, సమరయుల గ్రామం మీదికి అగ్ని రప్పించమంటారా అని యాకోబు, యోహాను అడిగితే యేసు వాళ్ళను గద్దించిన చోటు. కీర్తనల్లో శత్రువుల నాశనం కోరే ప్రార్థనలున్నాయి కదా అని యవనస్థులు అడుగుతారు. అక్కడ అన్యాయానికి గురైనవాడు తీర్పును దేవుడికి అప్పగిస్తున్నాడు, ఎడ్డీ తన తప్పు బయటపెట్టినవాణ్ణి తీసేయమంటున్నాడు.

మన పక్క నుంచి వచ్చినవీ ఉన్నాయి. మలయాళంలో తీసి తెలుగులోనూ వచ్చిన ‘మిన్నల్ మురళి’ (2021)లో ఒకే పిడుగు దర్జీ జైసన్‌కూ, టీ కొట్టులో పనిచేసే షిబుకూ ఒకే రకమైన శక్తినిస్తుంది. ఒకడు హీరో, ఒకడు విలన్. షిబును ఊరు ఎలా చూసిందో వరసగా రాయమనండి, తర్వాత మన వీధిలో అలాంటి మనిషి ఎవరో అడగండి. పేర్లు బయటికి చెప్పనివ్వకండి. ‘హను-మాన్’ (2024) లాంటి సినిమాల సంగతి వేరు. అది హనుమంతుడి భక్తి మీద నిలిచిన కథ. దానికి బలవంతంగా క్రైస్తవ అర్థం తొడగడం తప్పు, దాన్ని అడ్డం పెట్టుకుని పక్కింటివాళ్ళ నమ్మకాన్ని ఎగతాళి చేయడం ఇంకా పెద్ద తప్పు. పాఠానికి వేరేది తీసుకోండి.

ఆరో అంచె: గంట కూడిక

ఆరు నుంచి ఎనిమిదిమంది ఉండే గుంపు బాగుంటుంది. పదిహేనుమంది ఉంటే రెండుగా విడగొట్టండి, లేకపోతే సినిమా కంఠతా వచ్చిన ఇద్దరే మాట్లాడతారు.

ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాల్లో సన్నివేశం చెప్పండి. చూడనివాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకు ముందు కథ మూడు వాక్యాల్లో చాలు. తర్వాత పదిహేను నిమిషాలు బైబిలు తెరవకుండా సినిమా గురించే మాట్లాడించండి. ఇక్కడే టీచర్లు ఆగలేరు. రెండో నిమిషంలోనే వచనం చదివేస్తారు, దాంతో పిల్లలు తాము అనుకున్నది మానేసి టీచరుకు నచ్చే జవాబు చెప్పడం మొదలుపెడతారు. తర్వాత ఇరవై నిమిషాలు వాక్యభాగం, పిల్లలే వంతులవారీగా పైకి చదవాలి. తర్వాత పది నిమిషాలు తేడాలు: బోర్డు మధ్యలో గీత గీసి ఎడమ వైపు “కలిసేవి”, కుడి వైపు “కలవనివి” రాయించండి. కుడి వైపు ఖాళీగా ఉందంటే పాఠం ఇంకా అవ్వలేదని అర్థం. మిగిలిన పది నిమిషాలు వారం పనికి.

‘మంచివాడా, చెడ్డవాడా’ అని అడగకండి, ఒక్క మాటతో జవాబు అయిపోతుంది. “నువ్వయితే లిఫ్ట్ దగ్గర ఏం చేసేవాడివి?” కన్నా “పీటర్ పక్కకు తప్పుకున్నప్పుడు అతని మొహంలో ఏముంది?” మంచి ప్రశ్న. మొదటిదానికి అందరూ వీరులైపోతారు.

ఒక హెచ్చరిక. ఇన్ని చెప్పాక కూడా పాఠం చివరికి “కాబట్టి మనం కూడా ధైర్యంగా, మంచిగా ఉండాలి” దగ్గర ఆగిపోతే, అది చెప్పడానికి బైబిలు అక్కర్లేదు, సినిమా చాలు. అలాంటప్పుడు బోర్డు మీది కుడి వైపుకు వెనక్కి వెళ్ళండి.

వారం పని చిన్నదిగా, లెక్కపెట్టగలిగేదిగా ఇవ్వాలి. “ఇతరులకు సహాయం చేయండి” అంటే ఎవరూ చేయరు. లిఫ్ట్ పాఠమైతే “నాకేం సంబంధం అనిపించిన ఒక సందర్భం శనివారంలోపు చీటీ మీద రాసి తీసుకురండి, అప్పుడు ఏం చేశారో కూడా రాయండి, పేరు రాయొద్దు” అనండి. చీటీలు ఒక డబ్బాలో వేయించి వచ్చే ఆదివారం పాఠానికి ముందు రెండు మూడు చదవండి. ఖాళీ చీటీలూ వస్తాయి, వాటినీ డబ్బాలో వేయనివ్వండి.